చెక్క దాటని రోజు

ఆ పొద్దున ఆకాశం నిండా పల్చటి మబ్బు, చేపలు కడిగిన నీళ్ల రంగులో. సూర్యుడు ఎప్పుడు పైకొచ్చాడో కనబడలేదు, ఉన్నట్టుండి వెలుతురు మాత్రం పెరిగింది. ఆ వెలుతుర్లోనే మేం వెతుక్కుంటూ వచ్చిన తీరం తేలింది. కొబ్బరిచెట్ల వరుస, దాని కింద ఆకుల గుడిసెలు, చివర్న కొత్త ఆకు కప్పినవి నాలుగు. ఆ నాలుగూ మావి. చేపలు తిరిగి మా ఊరి వైపు మళ్లేదాకా, పది నెలలు, మా ఇళ్లు అవే. పడవలో పదకొండు మందిమి ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టాం. ఇప్పుడు ఎవరూ మాట్లాడటం లేదు. మబ్బు విడిపోయింది, గాలి పడిపోయింది, పొద్దు నడినెత్తి దాటింది. లంగరు తాడు బిగుస్తుంది, వదులవుతుంది. కెరటాలు మాకు అవతల, తీరానికి ఇవతల, మూడు వరుసలుగా విరుగుతున్నాయి. అన్న తల నా ఒడిలో ఉంది. అన్న కుడికాలు ఎదురు బల్ల మీద ఉంది, దానిమీద తడిగుడ్డ ఉంది, ఆ గుడ్డ కింద ఉన్నది చూడకుండా నేను కెరటాలు లెక్కపెడుతున్నాను. ఏడో కెరటం పెద్దది, దాని వెనక నీళ్లు కాసేపు పడుకుంటాయి, పడవ దూరాల్సింది అప్పుడే అని నాకు నేర్పింది అన్నే. నాకప్పుడు ఆరేళ్లు, అన్న భుజాల మీద కూర్చుని ఉన్నాను. ఇవాళ ఏడోది ఎన్నిసార్లు వచ్చిందో, ఎన్నిసార్లు నీళ్లు పడుకున్నాయో. మేం దూరకూడదు. ఇవాళ బుధవారం.

సముద్రానికి ఒక రోజు విడిచిపెట్టడం ఎక్కడైనా ఉన్నదే. మా ఊళ్లో ఆ రోజు వలలు కుట్టుకుంటాం, పడవలకు తారు రాసుకుంటాం. ఈ తీరం వాళ్లకు అది బుధవారం. పొద్దు పొడిచింది మొదలు పొద్దు కుంకేదాకా చెక్క కెరటాలు దాటకూడదు, పోయేదైనా వచ్చేదైనా. పడవ చెక్కే, తెడ్డు చెక్కే, వల బెండ్లు కూడా చెక్కే. దాటిన వేటగాళ్ల దళం ఆ ఏడు ఆ తీరాన ఉండటానికి లేదు. అన్న ఇక్కడికి రావడం ఇది ఎనిమిదోసారి, నేను రావడం మొదటిసారి, అయినా ఈ మాట నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. తెలిసే వచ్చాం. బుధవారం నిన్ననే అయిపోయిందనుకుని వచ్చాం.

పొద్దున మేం తెడ్లు తీసేసరికి ఇసక మీదనుంచి ఒక మనిషి పరుగెత్తుకొచ్చి నీళ్లలో దూకాడు. గమేలి. మా ఊరివాడే, ఇక్కడ పిల్లను చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. మా దళానికి, ఈ తీరం పెద్దలకు మధ్య మాట మోసేది అతనే. కెరటాల కింద నుంచి మునిగి ఇవతల తేలి, చెయ్యి ఎత్తి ఊపుతూనే ఈదుకొచ్చాడు.

"ఆగండి, అక్కడే ఆగండి. తెడ్లు పైకెత్తండి. ఒరే, తెడ్లు ఎత్తమంటుంటే." పడవ అంచు పట్టుకుని వేలాడుతూ ఊపిరి తీసుకున్నాడు. "ఇవాళ ఏ వారం అనుకుని వచ్చార్రా?"

"గురువారం," అన్నాడు యావో. పడవకు ఇంజిను చూసేది యావో.

"గురువారమట. గురువారం పుట్టినోడివి, నీ వారం నీకే తెలీదా యావో? నిన్న మంగళవారం, నేను సంతకెళ్లి ఉల్లిపాయలు తెచ్చాను. ఇద్దరు కొమ్లాలు, ఒక యావో, ఒక కోఫీ, ఆ మూల కొకు, పడవ నిండా వారాలే ఉన్నాయి గదరా. ఇంతమంది ఉండి ఒక రోజును ఎక్కడ పారేసుకొచ్చారు?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. మాలో పుట్టిన వారమే పిల్లల పేరు. నేను కొకుని, బుధవారం పుట్టినవాణ్ణి. అన్న పేరు డోట్సే, కవలల తర్వాత పుట్టినవాడికి ఆ పేరే పెడతారు. గమేలి నవ్వుతూనే పడవలోకి తొంగిచూశాడు. అన్న కాలు చూశాడు. ఆ తర్వాత అతను నవ్వలేదు. "ఇది ఎన్నాళ్లయింది?" అన్నాడు. "నేను పెద్దాయన్ని అడిగొస్తాను," అని మళ్లీ నీళ్లలోకి జారాడు. అప్పుడు పోయినవాడు ఇంకా రాలేదు.

ఇన్నాళ్లకు తెలిసింది, ఎదురుచూడటానికి కూడా ఒక వాసన ఉంటుందని. ఇది అన్న కాలిది. తీపిగా ఉంటుంది, ఎండిన చేప బుట్ట అడుగున వానకు తడిస్తే వచ్చే వాసన. గాలి ఉన్నంతసేపు వెనక్కి పోయింది, ఇప్పుడు పోవడం లేదు. ముందు భాగంలో కూర్చున్నవాళ్లు తలలు అటు తిప్పుకుని తీరం చూస్తున్నట్టు ఉన్నారు. తీరం మీద మా ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లు మాకంటే ముందే వచ్చారన్నమాట, ఊళ్లో వాళ్లెక్కిన లారీ చేరిందన్నమాట. అంత దూరంలో మొహాలు తెలియవు, అయినా అబ్లా వదినను పోల్చాను. ఎడమకాలి మీద బరువు వేసి, నడుమ్మీద చెయ్యి పెట్టి నిలబడుతుంది. పొద్దున్నుంచి ఆ కాలు మార్చలేదు. తన భర్త, మా సరంగు, నిలబడి ఉండాల్సిన చోట, పడవ వెనక, చుక్కాని దగ్గర, వేరే మనిషి ఉన్నాడని ఆమెకు ఈపాటికి కనబడి ఉంటుంది. గమేలి చెప్పే ఉంటాడు.

బయలుదేరిన పొద్దున లారీ మీద వదినే అందరికంటే పైన కూర్చుంది. ఒడ్డు నుంచి లాగే పెద్ద అలివి వల అంతా లారీలో మడతలు మడతలుగా వేసి, దానిమీద వంట కుండలు, చాపలు, కోళ్లు, పిల్లలు, వాళ్ల మీద ఆడవాళ్లు. డ్రైవరు దిగమంటాడు, వీళ్లు దిగరు. రెండు సరిహద్దులు దాటాలి, ఇంత ఎత్తు వేస్తే పోలీసులు ఆపుతారని అతని గోల. "ఆపితే నేను మాట్లాడతా, నువ్వు చక్రం తిప్పు నాయనా," అంటోంది వదిన పైనుంచి. ఒక కోడి తప్పించుకుని పక్కవాళ్ల వల కిందికి దూరితే ముగ్గురం వెతికాం. అన్న నడుం లోతు నీళ్లలో పడవ పట్టుకుని అరుస్తున్నాడు, పోటు తగ్గిపోతోందని. వదిన కిందికి వంగి నాతో, "ఒరే కొకూ, మీ అన్న తిండి మర్చిపోతాడు, నువ్వు చూసుకో," అంది. ఆమెతో నాకు ఎప్పుడూ మాటలు తక్కువే. నేను ఎవరితోనైనా అంతే. తల ఊపాను. అంతకుమించి ఏమైనా చెప్పి ఉంటే బాగుండేదేమో. లారీ కదిలితే కుండ ఒకటి దొర్లి పగిలింది, ఎవరో తిట్టారు, ఎవరో ఏడ్చారు, మేం పడవ తోసుకుని ఎక్కేశాం. శుక్రవారం.

శుక్రవారం ఒకటి. దారానికి మొదటి ముడి. దారం నా మెడలో ఉంది. దూరం వెళ్లే పడవలో ఒకడు రోజులు ముడివేస్తాడు, సూర్యుడు కనబడగానే ఒక ముడి. మా నాన్న వేసేవాడు. నాన్న తర్వాత అన్న నా మెడలో వేశాడు, "వీడు మూడు క్లాసులు చదివాడు, మాట్లాడడు కాబట్టి మర్చిపోడు," అని. అందరూ ఒప్పుకున్నారు. మాట్లాడనివాడు అన్నీ గుర్తుపెట్టుకుంటాడని మనుషులు ఎందుకనుకుంటారో నాకు తెలియదు. శనివారం రెండు. ఆదివారం మూడు. ఆదివారం మధ్యాహ్నం ఆకాశం పడమట నుంచి నల్లబడి మామీద మూతపడింది. పక్కవాడి చెయ్యి కనబడలేదు. కెరటంతో పడవలోకి వచ్చినంత నీళ్లు మేం బయటికి తోడాం, తోడినంత మళ్లీ వచ్చింది. ఇంజిను బిగించిన చెక్క చీలింది. యావో దాన్ని కౌగిలించుకుని పట్టుకున్నాడు, అన్న అతని మీదుగా వంగి తాడు వేయబోయాడు, ఇంజిను ఒకసారి లోపలికి పడింది, అన్న పిక్క మీద, తర్వాతి కెరటానికి బయటికి పోయింది. అంతే. నీళ్లు తోడుతూనే ఉన్నాం. రేడియో అడుగున నీళ్లలో మునిగి ఉంది. ఎప్పుడు నిద్రపోయానో తెలియదు, చేతిలో బొచ్చెతో కూర్చునే నిద్రపోయాను. కళ్లు తెరిస్తే వెలుతురు. సూర్యుడు లేడు, ఆకాశం అంతా ఒకే తెలుపు. రాత్రి గడిచింది అనుకున్నాను. ముడి వేశాను. కాసేపటికే మళ్లీ చీకటి పడింది. వానరోజు గదా, తొందరగా పొద్దు కుంకింది అనుకున్నాను. అంతకుమించి ఏమీ అనుకోలేదు. అన్న కాలికి గుడ్డ కడుతున్నాను అప్పుడు.

ఇప్పుడు ఆ వెలుతురు గురించే ఆలోచిస్తున్నాను. పొద్దున గమేలి నోట్లోంచి బుధవారం అన్న మాట వచ్చినప్పుడే ఆ వెలుతురు నా కళ్లముందుకు వచ్చింది. మెత్తగా, పసుపు లేకుండా ఉంది. తెల్లవారుజామున వచ్చే చలి దాంట్లో లేదు. చలి లేదని ఒళ్లు చెప్పింది, నేను వినలేదు. పిల్లప్పుడు బడిలో మేస్టారు మమ్మల్ని వరుసగా నిలబెట్టి వారాలు పాడించేవాడు, ఎవడి వారం వస్తే వాడు ఒక అడుగు ముందుకు వెయ్యాలి. నేను ఎప్పుడూ సరిగ్గా వేసేవాణ్ణి. బుధవారం అనగానే ముందుకు. తప్పి వేసిన అడుగు ఇదొక్కటే.

తప్పు అక్కడితో ఆగితే ఏముంది, సముద్రం మీద ఒక రోజు ఎటు పోతే ఎవడికి. నిన్న సాయంత్రం ఒక పట్నం దీపాలు కనబడ్డాయి. నదీముఖం, కెరటాలు చిన్నవి, రేవు ఉంది, ఆసుపత్రి ఉంది. గోనెసంచులు కుట్టి ఎత్తిన తెరచాపతో, తెడ్లతో, రెండు రోజులు ఒడ్డు వెంటే పాకుతూ వచ్చాం. అన్న కాలు అప్పటికే మోకాలిదాకా బిగిసిపోయింది. ఇక్కడ దిగుదామా అన్నాడు యావో. అన్న నా వైపు చూసి, "రేపు ఏ వారంరా?" అన్నాడు. నేను దారం తడిమాను, ఒక్కొక్క ముడి వేలితో నొక్కి. "గురువారం," అన్నాను. "ఐతే పోదాం. తెల్లారేసరికి మనవాళ్ల దగ్గరుంటాం, అక్కడా ఆసుపత్రి ఉంది, వ్యాను ఉంది," అన్నాడు అన్న. రేపు బుధవారం అని ఉంటే దిగేవాళ్లం. ఆ దీపాలు చాలాసేపు మా వెనకే ఉన్నాయి.

ముందు భాగంలో మాటలు లేచాయి. ఇంత ఎండలో ఇంతసేపు మాట్లాడకుండా ఉంటే మాట పులుస్తుంది. "ఇంజిను ఉంటే మనం సోమవారమే దిగిపోదుం," అన్నాడు పెద్ద కొమ్లా, ఎవరివైపూ చూడకుండా. "ఆ బోల్టు బిగించమని నేను చెబుతూనే ఉన్నా."

"చెప్పావు, నువ్వు అన్నీ చెబుతావు. నీ పెళ్లాం తప్ప ఇంకెవరూ వినరు నీ మాట," అన్నాడు యావో.

"వింటే నా సరంగు కాలు బాగుండేది."

యావో లేచి నిలబడ్డాడు, పడవ ఒరిగింది, ఎవరో కూర్చోమన్నారు. కూర్చున్నాడు. అతని రెండు అరచేతుల్లోనూ ఇంజిను కొరుక్కుపోయిన చోట్లు ఎర్రగా ఉన్నాయి. ఆ చేతుల్ని చూస్తూ కూర్చున్నాను. అన్న కళ్లు మూసుకునే ఉన్నాడు. జ్వరం నా తొడకు తగులుతోంది, బట్టలోంచి. నేను వంగి మెల్లగా అన్నాను.

"అన్నా. లెక్క నాది తప్పింది."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"గమేలి చెప్పినప్పుడు. వాణ్ణి చూడలేదు నేను, నీ మొహం చూశాను."

"మరి ఎవరితోనూ అనలేదే."

కళ్లు తెరిచాడు. తెల్లగుడ్డు పసుపుగా ఉంది. "నువ్వు అంటావని చూస్తున్నా. యావో మీద పడి ఏడుస్తున్నారు. ఎంతసేపు చూడమంటావురా?"

నేను అన్న తల కింద చాప చుట్ట పెట్టి లేచాను. పదిమంది మధ్య నిలబడి ఇలా మాట్లాడటం నా బతుకులో ఎప్పుడూ లేదు. ఆదివారం నాడే రెండు ముళ్లు వేశానని చెప్పాను. నిన్న పట్నం దగ్గర గురువారం అని చెప్పింది నేనేనని, ఇంజిను పోయినా నిన్న దిగి ఉండేవాళ్లమని చెప్పాను. ఎవరూ తిట్టలేదు. తిడతారని నిలబడ్డాను, ఎవరూ తిట్టలేదు. పెద్ద కొమ్లా కాళ్లవైపు చూసుకుంటూ గోరు గిల్లుకున్నాడు. యావో సముద్రంలోకి ఉమ్మి, "కూర్చో, పడవ ఊగుతోంది," అన్నాడు.

అప్పుడు గమేలి తల కెరటాల ఇవతల తేలింది. ఈసారి చెయ్యి ఊపలేదు. మెల్లగా ఈదుకొచ్చాడు, వయసైనవాడిలా. "చెక్క రాకూడదన్నాడు," అన్నాడు. "చాలాసేపు మాట్లాడా. మా మామ చేత కూడా చెప్పించా. వాళ్ల నాన్న రోజుల్లో ఒకసారి సడలించారట, ఆ ఏడు ఏడుగురు పోయారట కెరటాల్లో. రాకూడదన్నాడు. కానీ మనిషి చెక్క కాదు గదా, మనిషిని ఎవరు ఆపుతారు అన్నాడు. అటు చూడండి." చూశాం. తీరం దగ్గర చివరి కెరటం విరిగేచోట ఒక ముసలాయన రొమ్ము లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు, పక్కన నలుగురు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని. "ఆయనే పెద్దాయన, పక్కన ఆయన కొడుకులు. మీరు కెరటాల దాకా తెస్తే వాళ్లు అందుకుంటారు."

"నన్ను ఎక్కడికీ తియ్యొద్దు," అన్నాడు అన్న. "పొద్దు కుంకేదాకా ఎంత, రెండు మూడు గంటలు. పడవతోనే దిగుతా. సరంగు పడవ వదిలి..."

"నీ మాట అయిపోయిందన్నా," అన్నాను. అన్నతో నేను అలా అనడం అదే మొదలు. అతను నా వైపు చూశాడు. తర్వాత మొహం తిప్పుకున్నాడు, ఒప్పుకున్నట్టు.

ఇంజినుకు తెచ్చిన పెట్రోలు డబ్బాలు నాలుగు, ప్లాస్టిక్‌వి, పనికిరాకుండా పడి ఉన్నాయి. వాటిని ఒంపేశాం. యావో ఆ చేతులతోనే మూతలు బిగించాడు, ఒక్కోటి మూడేసిసార్లు, ఎవరూ ఏమీ అనకముందే. చాప పరిచి, డబ్బాలు చంకల కింద రెండు, మోకాళ్ల కింద రెండు కట్టాం. అన్నను నీళ్లలోకి దించితే ఉప్పు కాలికి తగిలింది. అరవలేదు. దవడ బిగించిన చప్పుడు నాకు వినబడింది. అటు గమేలి, ఇటు యావో, కాళ్ల దగ్గర చిన్న కొమ్లా, తల దగ్గర నేను. వెల్లకిలా ఈదుతూ, అన్న గడ్డం నా అరచేతిలో పెట్టుకుని. ఆకాశం తప్ప ఏమీ కనబడటం లేదు నాకు. అన్నకూ అంతే. వెనక కెరటాల చప్పుడు పెద్దదవుతోంది. ఎన్నోదో చూడటానికి లేదు. చెవిలో నీళ్లు, చెవిలో అన్న గొంతు. "నాలుగు. ఐదు. ఆగండి. ఆగండి." పడుకున్నవాడికి కెరటం కనబడదు, వీపు కింద నీళ్లు లేచే తీరు చూసి లెక్కపెడుతున్నాడు. ఏడోది మమ్మల్ని ఎత్తి, కిందికి విసిరి, నా చేతిలోంచి అతని గడ్డం లాక్కుని పోయింది. అంతా తెలుపు. ఇసక. ఎవరి కాలో నా మొహం మీద. ఊపిరి లేదు. అతని జుట్టు దొరికింది. జుట్టు పట్టుకున్నాను. "ఇప్పుడు," అన్న గొంతు ఎక్కడినుంచో. తన్నాం. ఇంకో చెయ్యి వచ్చి నా చెయ్యి మీద పడింది, ముడతలు పడిన చెయ్యి, గట్టిది, అది అన్నను పట్టుకుని ఇక వదల్లేదు.

ఇసక మీద నేను చాలాసేపు బోర్లా పడి ఉన్నాను. ఆరు రోజుల తర్వాత నేల, అది కూడా ఊగుతోంది. వదిన ఏడవలేదు. గుడ్డ తీసి కాలు చూసింది, మళ్లీ కప్పింది. వ్యాను ఇసకలో దిగబడితే తీరం వాళ్లు, మావాళ్లు కలిసి తోశారు. వదిన వెనక ఎక్కి అన్న తల ఒడిలో పెట్టుకుంది. పొద్దు కుంకాక మా పడవ ఒడ్డుకొచ్చింది. వచ్చిన దాన్ని లాగడానికి తీరంలో సగం ఊరు వచ్చింది. గుడిసెలో ఆకు వాసన కొత్తగా ఉంది. ఎవరి చాప ఎక్కడ పరవాలో ఎవరికీ తెలియలేదు, అన్న లేకుండా.

చీకటి బాగా పడ్డాక వ్యాను తిరిగొచ్చింది. వదిన ఒక్కతే దిగింది. బతుకుతాడు అంది. రేపు పొద్దున కాలు తీసేస్తారు, మోకాలి పైకి. ఆసుపత్రిలో వంట మనమే చేసుకోవాలి, ఒక కుండ, రెండు గుడ్డలు తీసుకుని తెల్లారే పోవాలి అంది. మేం ఐదుగురం గిన్నె చుట్టూ కూర్చుని ఉన్నాం, మొక్కజొన్న పిండి ముద్ద, బెండకాయ పులుసు, తినకుండా. అన్న కూర్చునే చోటు ఖాళీగా వదిలేశాం, ఎవరం చెప్పుకోకుండానే.

"వదినా," అన్నాను. లేచి నిలబడ్డాను. "రోజుల లెక్క నేను తప్పాను. నిన్న పట్నంలో దిగి ఉంటే కాలు ఉండేది."

ఆమె కుండకంటిన బూడిద దులుపుతూ ఆగింది. నన్ను చూసింది, గిన్నె చూసింది. మాలో ఆడవాళ్లు మగవాళ్ల గిన్నెలో చెయ్యి పెట్టరు. వదిన కుండ పక్కన పెట్టి, నీళ్లు తెచ్చుకుని చేతులు కడుక్కుంది. వచ్చి అన్న కూర్చునే చోట, నాకు ఎదురుగా, ఎడమకాలు మడిచి కూర్చుంది. కూర్చోమన్నట్టు నేలవైపు చూసింది. కూర్చున్నాను. ఆమె ముద్ద విరిచి పులుసులో ముంచింది. ఆమె తిన్నాక నేను చెయ్యి పెట్టాను. తర్వాత యావో, కట్టుకట్టిన చేత్తో. గిన్నె అడుగు కనబడేదాకా తిన్నాం.